సొంత పడవ సరే, రేవు ఎక్కడ? హైదరాబాద్ నుంచి వెళ్లి పడవ దించడం ఎలా

వానలు పడి చెరువులు నిండగానే నాకు ఒకటే ప్రశ్న మొదలవుతుంది. “అన్నా, మా తమ్ముడు అమెరికా నుంచి గాలి కొట్టే కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) తెచ్చాడు. హైదరాబాద్‌లో బోట్ ర్యాంప్ ఎక్కడుంది?” అడిగిన వాళ్లకల్లా ఫోన్లో చెప్పీ చెప్పీ అలిసిపోయి ఇది రాస్తున్నాను.

అమెరికాలో అయితే ప్రభుత్వమే చెరువు ఒడ్డున కాంక్రీటు వాలు కట్టి, బోర్డు పెట్టి, పక్కన పార్కింగ్ కూడా ఇస్తుంది. ఎవరైనా సరే బండిని వెనక్కి నడిపి పడవ దించుకోవచ్చు. మన దగ్గర ఆ బోర్డు కోసం వెతికితే దొరకదు. అలాగని మన నీళ్లలో పడవలు దిగడం లేదా? చేపల వాళ్ల తెప్పలు, పుట్టీలు, టూరిజం బోట్లు, సెయిలింగ్ క్లబ్బుల పడవలు అన్నీ రోజూ ఎక్కడో ఒకచోట దిగుతూనే ఉన్నాయి. ఆ చోటును మనం రేవు అంటాం, ఘాట్ అంటాం. మ్యాప్‌లో ‘బోట్ ర్యాంప్’ అని కొడితే ఏమీ రాదు. ఊళ్లోకి వెళ్లి “రేవు ఎటు?” అంటే చిన్న పిల్లాడు కూడా చూపిస్తాడు.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్తాను. రేవును పడవ దించే లెక్కతో కాదు, తిరిగి పైకి లాగే లెక్కతో చూడండి. దించేటప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, పడవ పొడిగా ఉంటుంది, వాలు కూడా మనకే సాయం చేస్తుంది. మూడు గంటల తర్వాత అదే బురదలో, నడినెత్తిన ఎండలో, నీళ్లు నిండిన పడవను పైకి లాగేటప్పుడు తెలుస్తుంది అది రేవో కాదో.

ఏమేం కావాలి

పడవ, తెడ్లు ఎలాగూ ఉంటాయి. అవి కాక:

- మనిషికొక లైఫ్ జాకెట్. లోపల ఫోమ్ ఉన్నదే తీసుకోండి. పిల్లలకు పిల్లల సైజే కావాలి.
- 10 అడుగుల పీవీసీ పైపు ఒకటి, అడుగడుక్కీ పెయింట్‌తో గీత పెట్టింది. లోతు, వాలు, బురద మూడూ దీనితోనే చూస్తాం. షాపులో అమ్మే పరికరాలన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే.
- 50 అడుగుల నైలాన్ తాడు, చిన్న చాకు, విజిల్.
- పాత స్పోర్ట్స్ షూస్. చెప్పులు వద్దు. బురదలో మొదట పోయేవి అవే.
- ఫోన్‌కు వాటర్‌ప్రూఫ్ సంచి, తాగే నీళ్లు, పాత దుప్పటి లేదా టార్పాలిన్.
- ఒడ్డున ఉండే మనిషి ఒకరు. ఇది వస్తువు కాదు కానీ, జాబితాలో ఇదే ముఖ్యం.

1. ఎక్కడ కుదరదో ముందు అవి కొట్టేయండి

గండిపేట, హిమాయత్ సాగర్ అడగనే వద్దు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన జలాశయాలివి. ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరు ఇచ్చేవి కాబట్టి కారు మీద పడవ పెట్టుకుని వెళ్తే వెనక్కి పంపిస్తారు, పంపించాలి కూడా. సంగారెడ్డి వైపు మంజీర కూడా అంతే. అది వన్యప్రాణి అభయారణ్యం, పైగా నీళ్లలో మొసళ్లున్నాయి. ఫోటోలు చూసి సరదా పడకండి.

హుస్సేన్ సాగర్‌కు సొంత పడవ తీసుకెళ్లి లుంబినీ పార్క్ దగ్గర దించేద్దామంటే కుదరదు. అక్కడి జెట్టీలు టూరిజం బోట్లవి. టికెట్ కొని బుద్ధ విగ్రహం దాకా వెళ్లి రావచ్చు, అంతే. ఆ నీళ్ల మీద సొంతంగా తిరగాలనుంటే సెయిలింగ్ క్లబ్ దారి పట్టండి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడివే. నిజానికి కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. వాళ్ల రేవు, వాళ్ల రెస్క్యూ బోటు, వాళ్ల కోచ్ ఉండగా నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. దుర్గం చెరువు కూడా అంతే. అక్కడ బోటింగ్ నడిపేవాళ్లను అడగకుండా సొంత పడవ దించే ప్రయత్నం చేయొద్దు.

నిమజ్జనం జరిగే ఘాట్లు చూడ్డానికి అచ్చం ర్యాంపుల్లానే ఉంటాయి. కాంక్రీటు వాలు, వెడల్పు రోడ్డు, పార్కింగ్ అన్నీ ఉంటాయి. మోసపోకండి. విగ్రహాల లోపలి ఇనుప చువ్వలు కొన్ని అడుగునే మిగిలిపోతాయి. గాలి కొట్టే పడవకు ఒక్క చువ్వ చాలు.

2. మ్యాప్‌లో రేవు వెతకడం

ఇక మిగిలినవి ఊరి బయటి చెరువులు, పెద్ద రిజర్వాయర్లు. వికారాబాద్ దాటాక కోట్‌పల్లి ప్రాజెక్టు కయాకింగ్‌కు బాగా పేరున్నది. మొదటిసారి అక్కడ అద్దె కయాక్‌లోనే కూర్చుని చూడండి. అంతకన్నా పెద్ద నీళ్లు కావాలంటే 150 కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగర్, కొల్లాపూర్ దాటాక శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున సోమశిల ఉన్నాయి.

శాటిలైట్ మ్యాప్ తెరిచి ఒడ్డు వెంబడి నెమ్మదిగా జరపండి. మూడు గుర్తులు చూడాలి. ఒకటి, ఒడ్డున వరసగా ఆగిన చిన్న పడవలు. రెండు, గుడి మెట్లు లేదా పుష్కర ఘాట్. మూడోది నాకు ఇష్టమైనది: తిన్నగా వచ్చి నీళ్లలోకి మాయమైపోయే రోడ్డు. ప్రాజెక్టు కట్టినప్పుడు ఊళ్లు మునిగాయి, వాటితోపాటు రోడ్లూ మునిగాయి. అలాంటి పాత రోడ్డు మిగిలి ఉంటే అదే ర్యాంపు. అడుగు గట్టిగా ఉంటుంది, వాలు మెల్లగా ఉంటుంది. అయితే తారు పెచ్చులు లేచిపోయి ఉండొచ్చు, మధ్యలో కల్వర్టు కూలి ఉండొచ్చు. అందుకే కాలితో తొక్కి చూడకుండా బండి దించొద్దు.

మ్యాప్ ఏ నెలలో తీసిందో కూడా చూడండి. సముద్రమట్టం నుంచి లెక్కేస్తే శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. ఎండాకాలానికి నీళ్లు పదుల అడుగులు దిగిపోతాయి. అక్టోబర్‌లో కాళ్ల దగ్గరే ఉన్న నీళ్లు ఏప్రిల్‌లో బురద మైదానం అవతల మెరుస్తుంటాయి. ఆ వైపు వాళ్లకు ఇది తెలుసుకోవడానికి పేపరు కూడా అక్కర్లేదు. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడిందంటే మట్టం బాగా తగ్గినట్టే. ఆ రోజుల్లో సోమశిలకు పడవ మోసుకెళ్తే నీళ్లకంటే నడకే ఎక్కువ.

3. ఆ నీళ్లు ఎవరివో కనుక్కోండి

ఊరి చెరువులో కనీసం ఇద్దరిని అడగాలి. చెరువు నీటిపారుదల శాఖది, చేపల హక్కు సాధారణంగా అక్కడి మత్స్యకారుల సహకార సంఘానిది. అడవి ఆనుకుని ఉంటే, ముఖ్యంగా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు, అటవీ శాఖ మాట కూడా కావాలి. “అందరూ దించుతున్నారు కదా” అన్నది అనుమతి కాదు.

సంఘం వాళ్లతో మాట్లాడే పద్ధతి ఒకటుంది. కారు దిగగానే పడవ దించి, తర్వాత అడగడం కాదు. ముందు వెళ్లి, “అన్నా, మేం చేపలు పట్టం, మోటారు లేదు, రెండు గంటలు తిరిగి వెళ్తాం. వలలు ఎటున్నాయో చెప్తే అటు రాం” అనండి. వాళ్లకు కావాల్సిన సమాచారం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. సాధారణంగా ఒప్పుకుంటారు, రేవు కూడా వాళ్లే చూపిస్తారు. వద్దంటే వాదించకుండా వచ్చేయండి. చేప పిల్లలు వదిలిన రోజులు కావచ్చు, వాళ్లకు వాళ్ల కారణాలుంటాయి.

మోటారు పెట్టారంటే కథ వేరు. 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితాలు లేకుండా చిన్న మోటారే కదా అని బిగించకండి.

4. మొదటిసారి పడవ లేకుండా వెళ్లండి

ఎవరూ వినని సలహా ఇదే. పెట్రోలు దండగ అనుకుంటారు. కానీ ఒక ఆదివారం ఖాళీగా వెళ్లి, పైపు పట్టుకుని గంటసేపు చూసి వస్తే తర్వాత పది ఆదివారాలు బాగుంటాయి.

ముందు వాలు. పైపు ఒక కొసను పైన నేలకు ఆనించి, రెండో కొసను నీటి వైపు చాపి సమంగా పట్టుకోండి. ఫోన్‌లోని లెవెల్ యాప్ పైపు మీద పెడితే తెలిసిపోతుంది. ఆ కొస నుంచి నేల దాకా ఎంత ఎత్తుందో జానతో కొలవండి. ట్రైలర్ దించే ర్యాంపులకు 12 నుంచి 15 శాతం వాలు మంచిదంటారు. అంటే మన 10 అడుగుల పైపుకు అడుగుంపావు నుంచి అడుగున్నర. అంతకంటే బాగా తక్కువైతే పడవ తేలేలోపే కారు చక్రాలు మునుగుతాయి. బాగా ఎక్కువైతే కారు పైకి ఎక్కదు. చేత్తో మోసే కయాక్‌కు ఈ లెక్క అంత ముఖ్యం కాదు, జారకుండా నిలబడగలిగితే చాలు. (టేపు పట్టుకుని కొలవకండి. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచి చెరువు గట్టున ఎవరు టేపు తీసినా జనం గుమిగూడుతున్నారు. నన్ను ఒకసారి సర్వే మనిషి అనుకుని టీ కూడా ఇచ్చారు, తర్వాత నిజం చెప్తే నవ్వారు.)

తర్వాత నీళ్ల అడుగున నేల. ఒడ్డున నిలబడి పైపును నీళ్లలో గుచ్చండి. టక్కున ఆగితే రాయో కాంక్రీటో. అర అడుగు దిగి ఆగితే పర్వాలేదు. రెండడుగులు మెత్తగా దిగిపోయి, లాగితే రాకపోతే ఆ రేవు మీకు వద్దు. ఒండ్రు మట్టి పైకి గట్టిగా కనిపిస్తుంది, ఎండి పగుళ్లు కూడా ఉంటాయి. కాలు పెడితే మోకాలి దాకా లోపలికి. కాంక్రీటు మీద పచ్చగా ఉన్నది పాకుడు. దాని మీద మనిషీ నిలబడడు, టైరూ నిలబడదు.

ఇక లోతు. ఒక్కో అడుగూ ముందుకు వేసే ముందు పైపుతో చూసుకుంటూ, లైఫ్ జాకెట్ వేసుకుని, నడుము లోతు దాకానే వెళ్లండి. మన చెరువుల్లో అడుగు సాఫీగా ఉంటుందని అనుకోవద్దు. పూడిక తీసినప్పుడు జేసీబీలు తవ్విన గుంతలుంటాయి. ఇంకో పెద్ద ప్రమాదం పాత బావులు. ఒక చెరువు దగ్గర నాకు నచ్చిన చోటు చూసుకుని షూ లేసులు కట్టుకుంటుంటే, గేదెలు కాసే పెద్దాయన గట్టు మీద నుంచి కేకేశాడు: “ఈడ దిగకు బిడ్డా, లోపట బాయి ఉన్నది!” ఎండాకాలం శిఖంలో (చెరువు లోపలి నేలలో) సాగు చేసుకునే రైతులు తవ్విన బావి అది. వానాకాలం మొత్తం నీళ్ల కిందే. అటు ఇటు ఏ గుర్తూ లేదు. ఏ మ్యాపూ చెప్పని సంగతి అది. అప్పటి నుంచి కొత్త చెరువులో ముందు పశువుల కాపరిని వెతుకుతాను, తర్వాతే నీళ్లు చూస్తాను.

చివరగా ఒక ప్రత్యామ్నాయం కూడా చూసి పెట్టుకోండి. గాలి మళ్లి ఈ రేవుకు తిరిగి రాలేకపోతే ఇంకెక్కడ ఒడ్డెక్కొచ్చు? అక్కడికి దారి ఉందా? అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు), తూము (పొలాలకు నీళ్లు వదిలే చోటు) ఎటున్నాయి? ఆ రెండింటి దగ్గరకూ పోకూడదు.

5. రోజు, వేళ

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట బంగారం. నీళ్లుంటాయి, గాలి తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు వద్దు. నాలుగింటిదాకా ఆకు కదలదు, ఐదింటికి ఈదురుగాలి, ఉరుము. వానాకాలంలో ప్రాజెక్టు గేట్లు ఎత్తే రోజుల్లో డ్యామ్‌కు ఎగువైనా దిగువైనా నీళ్ల దగ్గరకే వెళ్లొద్దు.

6. సర్దుకోవడం రేవులో కాదు

గాలి కొట్టడం, జాకెట్లు వేసుకోవడం, సామాను కట్టడం అన్నీ గట్టు మీద, దారికి అడ్డం లేని చోట చేసుకోండి. రేవు చేపల వాళ్ల పనిచోటు. వాళ్లు తెప్ప ఎత్తుకుని వచ్చేసరికి మీ టిఫిన్ బాక్సులు దారిలో ఉండకూడదు.

జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఇంకొకరు పైకి లాగాలి. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, బెల్టులు బిగించండి. గాలి పడవను నిండా కొట్టి ఎండలో వదిలేయకండి. వేడికి లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోవచ్చు. కాస్త తక్కువ కొట్టి, నీళ్లలో పెట్టాక మళ్లీ నింపండి. చల్లని నీళ్లలో అది ఎలాగూ మెత్తబడుతుంది.

బరువు మధ్యలో, అడుగున ఉండాలి. 1990లో హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే అది ఒరిగి విగ్రహం మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. మళ్లీ పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబర్ వచ్చింది. మన పడవ చిన్నదే, కానీ సూత్రం అదే. కూలర్ బాక్స్ ఒక పక్కన, బొద్దు మనిషి అదే పక్కన కూర్చుంటే తెడ్డు వేయకముందే తడుస్తారు.

7. దించడం

చేత్తో మోసే పడవ అయితే నేల మీద ఈడ్చకండి. ఇద్దరు చెరో కొస పట్టుకుని, మోకాలి లోతు దాకా తీసుకెళ్లి, పూర్తిగా తేలాకే ఎక్కండి. అందరూ చేసే తప్పు ఏంటంటే, పడవ సగం ఒడ్డు మీద సగం నీళ్లలో ఉండగానే ఎక్కి కూర్చుంటారు. అడుగు రాయికి రాసుకుంటుంది, లేదా ఒక పక్కకి బోర్లా పడుతుంది. ముందు కూర్చునే చోట పిరుదులు ఆనించి, తర్వాత కాళ్లు లోపలికి తీసుకోండి. నిలబడి ఎక్కొద్దు.

ట్రైలర్ ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువ కాబట్టి అసలు విషయాలు మాత్రం చెప్తాను. ట్రైలర్‌కూ ఆర్టీఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందు ఖాళీ గ్రౌండ్‌లో రివర్స్ ప్రాక్టీసు చేయండి: స్టీరింగ్ కింది భాగాన్ని పట్టుకుంటే, ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలి. రేవు దగ్గర దించే ముందు పడవ అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా పెట్టారో లేదో చేత్తో తడిమి చూడండి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇదే మర్చిపోతారు. వెనక కట్లు విప్పండి, ముందు వించి (పడవను ట్రైలర్ మీదికి లాగే చక్రం) తాడు మాత్రం పడవ తేలేదాకా విప్పొద్దు. హైవే మీద వచ్చిన చక్రాలు వేడిగా ఉంటాయి, బేరింగులు చల్లారేదాకా కాసేపు ఆగి, అప్పుడు నీళ్లలోకి. హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా గేర్‌లో పెట్టి, టైర్ల కింద ఇటుకలు అడ్డం పెట్టండి. కారులో పిల్లల్ని కూర్చోబెట్టి దించొద్దు.

8. మొదటి పది నిమిషాలు రేవు ఎదురుగానే

ఒడ్డుకు యాభై అడుగుల్లోపే అటు ఇటు తిరగండి. ఐదు నిమిషాలయ్యాక పక్కలు నొక్కి చూడండి. మెత్తబడుతోందా? లోపల నీళ్లు చేరుతున్నాయా? ఏ ఒక్కటి అనుమానంగా ఉన్నా బయటికి వచ్చేయండి.

ఇంకో పరీక్ష. తెడ్డు వేయడం ఆపి నిమిషం కూర్చోండి. గాలి మిమ్మల్ని ఒడ్డుకు తోస్తోందా, లోపలికి తోస్తోందా? లోపలికి అయితే వెళ్లడం సరదాగా ఉంటుంది, రావడం ఉండదు. మొదట్లో నేను ఇది పట్టించుకోక, “ఎంత స్పీడుగా పోతున్నామో” అని మురిసిపోయి, తిరిగి రాలేక కిలోమీటరు అవతల తుమ్మ చెట్ల మధ్య తేలాను. కారు దాకా పడవ మోసుకుంటూ ముళ్లల్లో నడిచిన ఆ సాయంత్రం మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది. అందుకే నియమం: ముందు గాలికి ఎదురు వెళ్లండి, ఓపిక తగ్గాక గాలి మీద రండి.

నీళ్ల మీద వరసగా తేలే ఖాళీ బాటిళ్లు, థర్మోకోల్ ముక్కలు చెత్త అనుకోకండి. వాటి కింద వల ఉంటుంది. చుట్టూ తిరిగి పోండి. పొరపాటున చిక్కుకుంటే కోసేయొద్దు, తెడ్డుతో కిందికి నొక్కి వెనక్కి జరగండి. చాకు మీ ప్రాణం కోసం, వల కోయడానికి కాదు. కోయక తప్పకపోతే ఒడ్డుకొచ్చి వాళ్లకు చెప్పి డబ్బులివ్వండి. గుర్రపు డెక్క దట్టంగా ఉన్నవైపు అసలు పోవద్దు. గాలి తిరిగితే అది వెనక మూసుకుపోతుంది, తెడ్డు పడదు.

9. పైకి తీయడం

ఒడ్డు ఇంకా పది అడుగులుందనగానే ముందు మనిషి పైపుతో లోతు చూసి దిగాలి. పడవలోని సామాను ముందే ఒడ్డుకు చేర్చేయండి. నీళ్లను పడవ ఒక పక్కకి వంచి ఒంపేయండి. ఒక బకెట్ నీళ్లంటేనే పదిహేను కిలోల దాకా ఉంటుంది, అంటే ఇంకో కయాక్ మోసినట్టు. బురద ఉంటే టార్పాలిన్ పరిచి దాని మీదుగా లాగండి. తాడు కట్టి గట్టు మీద నుంచి లాగడం ఇంకా సులువు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడానికి నా లెక్క: రేవులో దించడానికి, పైకి తీయడానికి ఒక్కోటి ఐదు నిమిషాలు మించకూడదు, ఎవరికీ అడ్డం రాకూడదు, నడుము పట్టేయకూడదు. మూడింటిలో ఏది తప్పినా వచ్చేసారి ఇంకో రేవు చూడండి, లేదా ఇంకో మనిషిని తోడు తెచ్చుకోండి.

అక్కడే పడవకు, తెడ్లకు, షూలకు అంటిన నాచు, డెక్క ముక్కలు ఏరి ఎండలో పడేయండి. ఒక్క ముక్క ఇంకో చెరువుకు వెళ్తే చాలు, రెండేళ్లలో అక్కడా అదే పచ్చ తివాచీ. నగరం లోపలి చెరువుల్లో నాలాల నీళ్లు కలుస్తాయి కాబట్టి ఇంటికి వచ్చే ముందే సబ్బుతో చేతులు కడుక్కోండి. గీసుకున్న చోట్లు ఉంటే డెట్టాల్ పెట్టండి.

గాలి పడవను తడిగా మడిచి డిక్కీలో వదిలేయకండి. రాత్రికి డాబా మీద దండెం మీద వేసి, తెల్లారాక మడతల సందుల్లో పొడి గుడ్డ పెట్టి తుడవండి. గుడ్డ తడిగా వచ్చిందంటే ఇంకో పూట ఎండబెట్టాలి.